ఆదిలాబాదు గోండులు, హైమన్‌డార్ఫ్ దంపతులు

ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రవేత్త '''క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్''' (1909 - 1995), ఆయన భార్య '''బెట్టి ఎలిజబెత్''' (మరణం 1987) ఆదిలాబాదు జిల్లా రాజ్‌గోండుల మధ్య నివసించి, వారి భాషను, ఆచారాలను, కథలను గ్రంథస్తం చేసారు. వారి భూమి హక్కుల కొరకు, చదువు కొరకు నిజాం ప్రభుత్వం ద్వారా కృషి చేసారు. 1941లో మొదలైన ఈ పరిచయం నాలుగు దశాబ్దాలకు పైగా కొనసాగింది. వేరు వేరు ఖండాలకు, సంస్కృతులకు చెందిన మనుషుల మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోళ్ళకు ఇది తెలుగు నేలపై చెప్పుకోదగిన ఉదాహరణ. ప్రస్తుతం కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉన్న మార్లవాయి గ్రామం ఈ చరిత్రకు కేంద్రము. బోథ్, ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతాల గోండు గూడేలన్నింటిపైనా దీని ప్రభావం కనిపిస్తుంది.

ప్రాంతము, ప్రజలు

బోథ్ ఆదిలాబాదు జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న మండల కేంద్రము. నిజాం కాలంలో ఇది తాలూకా కేంద్రంగా ఉండేది. బోథ్ శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించబడింది. ఈ ప్రాంతంలో సహ్యాద్రి కొండల శాఖలు, టేకు అడవులు, నల్లరేగడి చేలు, చిన్న చిన్న వాగులు ఉన్నాయి. కడెం నది ఈ ప్రాంతంలోనే, బజార్‌హత్నూర్ సమీపంలో పుట్టి, కుంతాల వద్ద జలపాతంగా దూకి, చివరకు గోదావరిలో కలుస్తుంది. తెలుగు, మరాఠీ, గోండి, కొలామీ, లంబాడీ, ఉర్దూ భాషలు ఇక్కడి సంతలలో వినిపిస్తాయి. ఒకే మనిషి మూడు నాలుగు భాషలలో బేరమాడటం ఇక్కడ వింత కాదు.

గోండులు తమను తాము కోయతోర్ అని పిలుచుకుంటారు. ఒకప్పుడు చాందా (నేటి చంద్రపూర్) కేంద్రంగా గోండు రాజులు పరిపాలించారు. ఆ కాలపు జ్ఞాపకంగానే ఇక్కడివారికి రాజ్‌గోండులు అనే పేరు స్థిరపడింది. వీరి సమాజం నాలుగు ''సగ''లుగా ఏర్పడి ఉంది.

* ఏర్వేన్ సగ - ఏడుగురు అన్నదమ్ముల సంతతి
* సార్వేన్ సగ - ఆరుగురు అన్నదమ్ముల సంతతి
* సివేన్ సగ - ఐదుగురు అన్నదమ్ముల సంతతి
* నాల్వేన్ సగ - నలుగురు అన్నదమ్ముల సంతతి

ఒక సగలోని వారందరూ పరస్పరం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కాబట్టి వివాహ సంబంధాలు వేరే సగతోనే కలుపుకోవాలి. మెస్రం, ఆత్రం, కనక, కుమ్ర, సిడాం, తొడసం, పెందూర్, మడావి మొదలైన ఇంటిపేర్లు ఈ సగల పరిధిలోనివే. ప్రతి వంశానికి ''పెర్సపేన్'' అనే పెద్ద దేవుడు ఉంటాడు. ఆ దేవుని కథను తరతరాలుగా గానం చేసేవారు పరధానులు. వీరి వాయిద్యం కింగ్రి అనే తీగల వాద్యము. ప్రతి పరధాను కుటుంబానికి వంశపారంపర్యంగా దాతలైన గోండు కుటుంబాలు ఉంటాయి. అక్షరాలు లేని గూడెంలో పరధాను గొంతే గ్రంథాలయం.

గోండు గూడేల మధ్య రాకపోకలకు కూడా ఒక మర్యాద ఉంది. దీపావళికి ముందు జరిగే దండారి పండుగలో ఒక గూడెం వారు మరొక గూడేనికి బృందంగా వెళ్ళి ఆడిపాడుతారు. ఆతిథ్యమిచ్చిన వారి గూడేనికి తిరిగి ఆహ్వానం అందుతుంది. ఈ బృందంలోని గుస్సాడీలు నెమలి ఈకల కిరీటం ధరించి, ఒంటికి బూడిద పూసుకొని, భుజాన జంతు చర్మం వేసుకొని, చేతిలో కర్రతో నాట్యం చేస్తారు. వచ్చినవారిని ఆదరించడం, తరువాత తాము అతిథులుగా వెళ్ళడం అనే ఈ సంప్రదాయం తెలిస్తే, దూరదేశం నుండి వచ్చిన దంపతులను గోండులు ఏ విధంగా చూసి ఉంటారో అర్థం చేసుకోవచ్చును.

నేపథ్యము: అడవి, భూమి, కొమరం భీం

ఒకప్పుడు గోండులు, కొలాములు అడవిలో ఒక చోట కొన్నేళ్ళు సాగు చేసి, ఆ భూమిని బీడు వదిలి మరొక చోటికి వెళ్ళేవారు. జనాభా తక్కువగా, అడవి విస్తారంగా ఉన్న రోజులలో ఇందువలన ఎవరికీ నష్టం లేదు. అయితే పట్టా అనే కాగితం వారి దగ్గర లేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పరిస్థితి మారింది. అటవీ శాఖ రిజర్వు అడవులకు హద్దులు గీసింది. బీడుగా ఉన్న భూములు, కొన్నిచోట్ల సాగులో ఉన్న చేలు కూడా ఆ హద్దులలోకి వెళ్ళాయి. రహదారులు పడ్డాయి. జిల్లా తూర్పు భాగం గుండా కాజీపేట - బల్లార్షా రైలు మార్గం వచ్చింది. వీటి వెంట మైదాన ప్రాంతాల రైతులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. కాగితం చదవగలిగిన వానికి భూమి దక్కింది, చదవలేని వాడు తన చేనులోనే కౌలుదారు అయ్యాడు.

ఈ అన్యాయంపై ఆసిఫాబాదు ప్రాంతంలో కొమరం భీం తిరుగుబాటు చేసాడు. 1940లో జోడేఘాట్ కొండపై నిజాం పోలీసుల కాల్పులలో ఆయన, కొందరు అనుచరులు మరణించారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో గోండులు ఆయన వర్ధంతిని జరుపుకుంటారు. ఆయన జీవితం ఆధారంగా సాహు, అల్లం రాజయ్య ''కొమురం భీం'' అనే నవల రచించారు. 2016లో ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టబడింది.

ఈ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం ఒక ప్రశ్నను ఎదుర్కొంది. శాంతంగా బ్రతికే గోండులు ఆయుధం ఎందుకు పట్టారు? దీనికి సమాధానం వెతికే పని ఒక విదేశీయుని చేతికి వచ్చింది.

హైమన్‌డార్ఫ్ రాక

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో జన్మించాడు. యవ్వనంలో రవీంద్రనాథ ఠాగూరు రచనలు చదివి భారతదేశంపై ఆసక్తి పెంచుకున్నాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, అస్సాం, బర్మా కొండజాతుల సామాజిక వ్యవస్థపై పరిశోధన చేసి 1931లో డాక్టరేటు పొందాడు. తరువాత లండన్‌లో ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ వద్ద శిక్షణ పొందాడు. పరిశోధించవలసిన ప్రజల మధ్యనే నివసించి, వారి భాష నేర్చుకొని, వారి దైనందిన జీవితంలో పాల్గొనాలి అన్నది మలినోవ్‌స్కీ పద్ధతి. 1936లో నాగా కొండలకు వచ్చి ఆ పద్ధతిలోనే పని చేసాడు. 1938లో బెట్టి ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడాడు.

1938లోనే జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకున్నది. దానితో ఆయన చేతిలోని పాస్‌పోర్టు జర్మనీది అయింది. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నాడు. బ్రిటిషు ప్రభుత్వ దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడు. అందువలన ఆయనను అదుపులోకి తీసుకొని, తరువాత హైదరాబాదు సంస్థానం పరిధిలో ఉండటానికి అనుమతించారు. ఈ విధంగా యుద్ధకాలపు నిర్బంధమే ఆయనను తెలుగు నేల ఆదివాసుల దగ్గరకు చేర్చింది.

మొదట నల్లమల అడవులలో చెంచులను, తరువాత గోదావరి తీరపు కొండలలో కొండరెడ్లను అధ్యయనం చేసాడు. 1941లో ఆదిలాబాదు గోండుల వద్దకు వచ్చాడు. సంస్థానంలో రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న డబ్ల్యు.వి. గ్రిగ్‌సన్ అనే ఆంగ్లేయ అధికారి ఆయనకు అండగా నిలిచాడు. గ్రిగ్‌సన్ స్వయంగా బస్తరు మాడియా గోండులపై 1938లో గ్రంథం ప్రచురించిన వాడు.

మార్లవాయి జీవితం

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గోండుల ఇళ్ళ వంటి గుడిసెలోనే నివాసం ఏర్పరచుకున్నారు. అక్కడ నుండి కాలినడకన, ఎడ్లబండ్లపై చుట్టుపక్కల గూడేలు తిరిగారు. హైమన్‌డార్ఫ్ గోండి భాష నేర్చుకున్నాడు. పరధానులు గానం చేసే వంశ కథలను వ్రాసుకున్నాడు. పెర్సపేన్ పూజలు, పెళ్ళిళ్ళు, చావు కర్మలు, విత్తనాల పండుగలు, దండారి ఆటలు చూసి వివరంగా నమోదు చేసాడు. ఛాయాచిత్రాలు తీసాడు.

బెట్టి ఎలిజబెత్ పాత్ర సాధారణంగా ఒక వాక్యంలో ముగించబడుతుంది, కాని అది చిన్నది కాదు. ఆమె భర్తతో పాటు అన్ని క్షేత్ర పర్యటనలలోను ఉన్నది. గోండు స్త్రీలతో కలిసిమెలిసి మెలిగింది. పురుషుడైన పరిశోధకునికి ప్రవేశం లేని ఇంటి లోపలి లోకం ఆమె ద్వారానే పరిశోధనలోకి వచ్చింది. 1979లో వెలువడిన గోండుల గ్రంథంపై ఆమె సహకారం ప్రత్యేకంగా పేర్కొనబడింది.

ఈ పరిచయంలో ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు అన్న ప్రశ్నకు సమాధానం ఒక వైపు మాత్రమే లేదు. యుద్ధం వలన స్వదేశానికి వెళ్ళలేని దంపతులకు గోండులు నివాసం, భాష, జ్ఞానం ఇచ్చారు. ఆయనకు శాస్త్రలోకంలో పేరు తెచ్చిన గ్రంథాలలో గోండు పెద్దలు, పరధానులు చెప్పిన విషయాలే ఉన్నాయి. బదులుగా దంపతులు గోండుల మాటను హైదరాబాదులోని అధికారుల దగ్గరకు చేర్చారు.

భూమి పట్టాలు

హైమన్‌డార్ఫ్ తన పరిశీలనలను నివేదికలుగా ప్రభుత్వానికి సమర్పించాడు. ఇవి 1945లో ''ట్రైబల్ హైదరాబాద్'' అనే పేరుతో, గ్రిగ్‌సన్ ముందుమాటతో ప్రచురించబడ్డాయి. గోండుల అశాంతికి మూలం భూమి పోవడమేనని, తమ గోడు వినే అధికారి వారికి లేకపోవడమేనని ఈ నివేదికల సారాంశం. ఆయన తరువాత గిరిజనులు, వెనుకబడిన తరగతుల వ్యవహారాలలో నిజాం ప్రభుత్వ సలహాదారుగా నియమించబడ్డాడు.

ఈ కృషి ఫలితంగా 1940వ దశకంలో ఆదిలాబాదు జిల్లాలో వేలాది గోండు, కొలాము కుటుంబాలకు భూమి పట్టాలు లభించాయి. గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక నిబంధనలు రూపొందాయి. ప్రత్యేక అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి ఈ కార్యక్రమం అమలులో ముఖ్యుడు. ఆయన గోండి భాష నేర్చుకొని, గోండులపై పుస్తకాలు కూడా రచించాడు. తరువాతి కాలంలో మరాఠీ చరిత్రకారుడుగా ప్రసిద్ధి పొందాడు.

ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో ప్రజా దర్బారు నిర్వహించే ఆనవాయితీ కూడా 1940వ దశకంలోనే మొదలైంది. కొండలు దిగి కచేరీకి రాలేని ప్రజల దగ్గరకు అధికారులే వచ్చి అర్జీలు వినాలన్నది దీని ఉద్దేశ్యం.

చదువు: గోండిలో మొదటి వాచకాలు

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణా కేంద్రం మొదలైంది. అప్పటికి గోండులలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. బయటి ఉపాధ్యాయులు అడవి గ్రామాలలో నిలవరు, నిలిచినా పిల్లల భాష వారికి రాదు. అందువలన మరాఠీ కొంత తెలిసిన గోండు యువకులను ఎన్నుకొని, వారికే శిక్షణ ఇచ్చి, సొంత గూడేలలో ఉపాధ్యాయులుగా నియమించారు. గోండి భాషలో వాచకాలు తయారు చేసారు. వాటిని దేవనాగరి లిపిలో ముద్రించారు. పిల్లవాడు మొదట తన ఇంటి మాటలోనే అక్షరం నేర్చుకొని, తరువాత ఇతర భాషలలోకి వెళ్ళాలన్నది ఈ పథకం మూలసూత్రం. ఈ కేంద్రంలో చదివినవారు ఉపాధ్యాయులే కాక, గ్రామాలలో అర్జీలు వ్రాసేవారుగా, పెద్దలుగా కూడా ఎదిగారు. కాగితం చదవడం వచ్చిన గోండు ఒక్కడున్నా ఆ ఊరిలో భూమిని మోసంతో వ్రాయించుకోవడం కష్టమైంది.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజూరా తాలూకాలు నాటి బొంబాయి రాష్ట్రంలో చేరాయి. బోథ్ వంటి తాలూకాలు ఆంధ్ర ప్రదేశ్‌లో ఉండిపోయాయి. ఒకే వంశపు గోండులు రెండు రాష్ట్రాల పౌరులయ్యారు. ఒకవైపు బడి భాష మరాఠీ, మరొకవైపు తెలుగు. గోండి బోధన క్రమంగా వెనుకబడిపోయింది.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. గోండికి సొంత లిపి లేదని చాలా కాలం భావించబడింది. అయితే నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండి వ్రాతప్రతులు ఉన్న సంగతి 2006లో పరిశోధకుల దృష్టికి వచ్చింది. ఆ లిపికి ''గుంజాల గోండి లిపి'' అని పేరు స్థిరపడింది. 2018లో దానికి యూనికోడ్‌లో స్థానం లభించింది. మార్లవాయి వాచకాలు అరువు లిపిలో వచ్చిన ఏడు దశాబ్దాల తరువాత, గోండి తన సొంత అక్షరాలతో కంప్యూటరులో కనిపించే అవకాశం కలిగింది.

తిరిగి రాక, మారిన పరిస్థితులు

హైమన్‌డార్ఫ్ కొంతకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేసి, 1949లో లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరాడు. 1976లో పదవీ విరమణ చేసాడు. ఈ మధ్యకాలంలో నేపాల్‌లో షెర్పాలపై పరిశోధన చేసాడు. విరమణ తరువాత దంపతులు మరల ఆదిలాబాదు గూడేలకు వచ్చారు.

అప్పటికి గోండుల స్థితి ఆశాజనకంగా లేదు. రోడ్లు పడిన చోట్ల భూమి ధర పెరిగింది. పట్టాలు పొందిన కుటుంబాలలో చాలామంది ఆ భూమిని తిరిగి పోగొట్టుకున్నారు. గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ కాగితంపై గట్టివే. అమలులో మాత్రం బినామీ పేర్లు, అప్పు పత్రాలు, సుదీర్ఘ వ్యాజ్యాలు వాటిని బలహీనపరచాయి. హైదరాబాదు - నాగపూరు రహదారి బోథ్ ప్రాంతంలోని నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ గుండా వెళ్తుంది. రహదారి వైద్యానికి, చదువుకు దారి చూపింది, భూమి వ్యాపారానికి కూడా అదే దారి అయింది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యలపై సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది మరణించినట్లు ప్రభుత్వం ప్రకటించింది, మృతుల సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని పౌరహక్కుల సంఘాలు పేర్కొన్నాయి. జోడేఘాట్ తరువాత నాలుగు దశాబ్దాలకు అదే జిల్లాలో, అదే కారణంపై మరల రక్తం చిందింది. 1982లో వెలువడిన హైమన్‌డార్ఫ్ గ్రంథానికి ''ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్'' అని పేరు. మనుగడ కోసం పోరాటం అన్న ఆ మాట ఆయన తొలినాటి ఆశకు, చివరినాటి ఆందోళనకు మధ్య దూరాన్ని తెలుపుతుంది. ఈ గ్రంథంలో ఆసిఫాబాదు, లక్సెట్టిపేట తాలూకాల గోండులపై బ్రిటిషు పరిశోధకుడు మైఖేల్ యార్క్ ఒక అధ్యాయం వ్రాసాడు. యార్క్ తరువాత డాక్యుమెంటరీ చిత్రాల నిర్మాతగా కూడా పేరు పొందాడు.

ఒక పోలిక: డైసీ బేట్స్

బయటి నుండి వచ్చినవారు ఆదివాసుల మధ్య నివసించడం ప్రపంచంలో ఇతర చోట్ల కూడా జరిగింది. ఐర్లండులో 1859లో జన్మించిన డైసీ బేట్స్ ఆస్ట్రేలియాకు వెళ్ళి, అక్కడి ఆదిమవాసుల భాషలను, ఆచారాలను సేకరించింది. 1919 నుండి 1935 వరకు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊల్డియా అనే ఎడారి రైలు స్టేషను వద్ద డేరాలో నివసించి, వచ్చినవారికి తిండి, బట్ట, మందులు సమకూర్చింది. అయితే ఆ జాతులు అంతరించిపోక తప్పదని ఆమె నమ్మింది. 1938లో వచ్చిన ఆమె పుస్తకం పేరులోనే ఆ భావం ఉంది. ఆస్ట్రేలియా ఆదిమవాసులు అంతరించలేదు. నేడు వారి వారసులు భూమి హక్కుల వ్యాజ్యాలలో ఆమె నమోదు చేసిన విషయాలను కూడా ఆధారాలుగా ఉపయోగించుకున్నారు.

హైమన్‌డార్ఫ్ దృష్టి ఇందుకు భిన్నమైనది. భూమి, సొంత భాషలో చదువు, వినే అధికారి - ఈ మూడు ఉంటే గోండులు నిలబడగలరని ఆయన భావించాడు. అంతరించేవారి చివరి రోజులను వ్రాయడం ఒక పని, బ్రతికేవారికి ఆధారం కల్పించడం మరొక పని.

విమర్శలు

హైమన్‌డార్ఫ్ కృషిపై విమర్శలు కూడా ఉన్నాయి. ఆయన పరిశోధన నిజాం ప్రభుత్వ అవసరాల నుండి వచ్చిందని, తిరుగుబాటు మళ్ళీ రాకుండా చూడటం పాలకుల ఉద్దేశ్యమని కొందరు అభిప్రాయపడ్డారు. గిరిజనులను ప్రత్యేకంగా ఉంచి రక్షించాలన్న ఆలోచనను జాతీయవాదులలో కొందరు వ్యతిరేకించారు. ఆయన గ్రంథాలు ఆంగ్లంలో ఉండటం వలన గోండులకు తమ గురించి వ్రాసినది చదివే వీలు చాలా కాలం లేకపోయింది. ఈ విమర్శలలో వాస్తవం ఉన్నప్పటికీ, పట్టాలు, బడులు పొందిన కుటుంబాల జ్ఞాపకం వేరుగా ఉంది.

స్మృతి

బెట్టి ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించాడు. 2012లో వారి కుమారుడు తండ్రి అస్థికలను మార్లవాయికి తీసుకొని రాగా, గోండులు తమ సంప్రదాయం ప్రకారం వాటిని భార్య సమాధి పక్కనే ఉంచారు. ప్రతి సంవత్సరం జనవరి 11న మార్లవాయిలో దంపతులకు నివాళి అర్పిస్తారు.

మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2024లో మరణించాడు. ఒకప్పుడు విదేశీ పరిశోధకుడు వచ్చి చూసి వ్రాసుకున్న నాట్యాన్ని, అదే గ్రామానికి చెందిన గోండు గురువు తరువాతి తరాలకు స్వయంగా నేర్పించాడు. హైమన్‌డార్ఫ్ తీసిన వేలాది ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లో ఆయన పనిచేసిన సంస్థలో భద్రపరచబడి ఉన్నాయి. తమ తాతముత్తాతల ముఖాలు, ఆభరణాలు, ఇళ్ళు చూడగోరే గోండు యువతకు ఇవి అమూల్యమైన ఆధారాలు.

ముఖ్య రచనలు

* ద చెంచూస్ (1943)
* ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్ (1945)
* ట్రైబల్ హైదరాబాద్ (1945)
* ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్ (1948)
* ద గోండ్స్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్ (1979)
* ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్ (1982)
* లైఫ్ అమాంగ్ ఇండియన్ ట్రైబ్స్ - ఆత్మకథ (1990)

ఇవి కూడా చూడండి

* బోథ్
* గోండులు
* కొమరం భీం
* నాగోబా జాతర
* గుస్సాడీ
* గుంజాల గోండి లిపి